ఒప్పుకున్నదెవరు?

2006 జూన్‌లో అమెరికా మందుల కంపెనీ మెర్క్‌కు సంబంధించి రెండు సంగతులు రెండు వారాల తేడాతో జరిగాయి. కొలెస్టరాల్ తగ్గించే జొకోర్ మాత్ర మీద ఆ కంపెనీకి అమెరికాలో ఉన్న పేటెంటు గడువు ముగిసింది. అదే నెలలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీసే హెచ్‌పీవీ వైరస్‌ను అడ్డుకునే గార్డసిల్ టీకాకు అక్కడి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. లాభాలు తెచ్చిన ఒక మందు చేజారే వేళకు, లాభాలు తేవలసిన ఇంకో మందు చేతికొచ్చింది. ఈ రెండు సంగతులకూ మన ప్రాంతంతో సంబంధం ఉంది. జొకోర్‌ను జనరిక్‌గా అమ్మే అవకాశం మెర్క్ నుంచి హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్‌కు దక్కింది. గార్డసిల్ ఇంకో మూడేళ్లకు ఖమ్మం జిల్లాకు వచ్చింది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లల భుజాల్లోకి చేరింది.

ఒకే కంపెనీ మందులు ఒకే రాష్ట్రంలో రెండు దారుల్లో ప్రవేశించాయి. ఒకటి వ్యాపార ఒప్పందంగా వచ్చింది. దాని మీద ఇరుపక్షాలూ చదివి, బేరమాడి, లాయర్లకు చూపించి సంతకాలు పెట్టి ఉంటారు. రెండోది ప్రజారోగ్యంగా వచ్చింది. దాని కాగితాల మీద ఎవరు సంతకం పెట్టారన్నదే ఈ వ్యాసం.

కొలెస్టరాల్ మందుల ముచ్చట ఇక్కడ ఎందుకంటే, రోగం లేనివాళ్లకు మందు అమ్మడాన్ని అంత పెద్ద ఎత్తున మార్కెట్ నేర్చుకున్నది వాటితోనే. 1987లో మెర్క్ వారి లోవాస్టాటిన్ మొదటి స్టాటిన్‌గా బజారుకొచ్చింది. తర్వాత జొకోర్, దాని వెనక ఇతర కంపెనీల మాత్రలు. 1997లో వచ్చిన లిపిటార్ వరసలో అయిదోది. అయినా ముందొచ్చినవాటన్నిటినీ దాటేసి ప్రపంచంలోనే ఎక్కువ అమ్ముడయిన మందు అయ్యింది. నొప్పి, జ్వరం, దగ్గు ఏవీ లేని మనిషికి రక్తపరీక్ష కాగితం మీద ఒక అంకె చూపిస్తే చాలు, ఆ మనిషి జీవితాంతం కొనుగోలుదారు అవుతుంది. ఆ మాత్రలు గుండెజబ్బు మనుషుల ప్రాణాలు కాపాడాయన్నది నిజం. 1994లో వెలువడిన స్కాండినేవియా అధ్యయనం జొకోర్ గురించి ఆ సంగతిని గట్టిగా నిరూపించింది. అందులో పాల్గొన్న 4,444 మందిలో స్త్రీలు 827 మందే అన్నదీ నిజమే. గుండె దగ్గరికి వచ్చేసరికి మగవాడి శరీరం కొలమానం అయింది. అందరికీ పనికొచ్చే మందును మగవాళ్ల మీద పరీక్షించారు.

హెచ్‌పీవీ దగ్గర ఇది తిరగబడింది. ఈ వైరస్ ఆడవాళ్లకూ మగవాళ్లకూ సోకుతుంది, ఇద్దరి ద్వారానూ వ్యాపిస్తుంది. కాని టీకా మొదట ఆడపిల్లలదే అయింది. మగపిల్లలకు గార్డసిల్ ఇవ్వడానికి అమెరికాలో అనుమతి 2009 అక్టోబరులో గాని రాలేదు. క్యాన్సర్ వచ్చేది గర్భాశయానికి గనుక ఇందులో వైద్యపరమైన కారణం ఉంది. కాని ఇద్దరి మధ్య తిరిగే వైరస్‌కు బాధ్యత మాత్రం ఒకరి శరీరం మీదే పడటం మనకు కొత్త కాదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల బల్ల మీద ఏళ్ల తరబడి ఎవరు పడుకున్నారో మనకు తెలుసు.

గార్డసిల్‌కు పోటీదారు గ్లాక్సోస్మిత్‌క్లైన్ వారి సర్వారిక్స్. రెండు టీకాలకూ 2008లో మన దేశంలో అనుమతులు వచ్చాయి. అప్పటి ధరల్లో మూడు డోసులు వేయించడం మధ్యతరగతికే భారం. అలాంటి సరుకుకు ఇంత పెద్ద దేశంలో అసలైన మార్కెట్ ప్రభుత్వ టీకాల కార్యక్రమమే. అందులో ఒకసారి చోటు దొరికితే ఏటా కోట్లమంది పిల్లలు. ప్రకటనలు అక్కర్లేదు, డాక్టర్లను మెప్పించే పనీ లేదు. 2007 ఫిబ్రవరిలో అంతర్జాతీయ సంస్థ పాత్‌కూ, భారత వైద్య పరిశోధన మండలికీ మధ్య అవగాహన ఒప్పందం కుదిరింది. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. టీకాలు కంపెనీలు ఉచితంగా ఇచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో మెర్క్ టీకా, గుజరాత్‌లోని వడోదర జిల్లాలో గ్లాక్సో టీకా. బజారులో పోటీ పడే రెండు కంపెనీలు ఇక్కడ చెరొక రాష్ట్రం పంచుకున్నాయి. 2009 జూలైలో ఖమ్మంలో కార్యక్రమం మొదలైంది. రెండు రాష్ట్రాల్లో కలిపి 23 వేలకు పైగా పిల్లలు, అందులో దాదాపు 14 వేలమంది ఖమ్మం జిల్లావాళ్లు.

సరిగ్గా ఆ 2007 ఫిబ్రవరిలోనే అమెరికాలోని టెక్సస్ రాష్ట్ర గవర్నరు ఆరో తరగతి ఆడపిల్లలకు ఈ టీకా తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. తల్లిదండ్రులు వద్దనుకుంటే మానుకునే వీలు అందులో ఉంది. అయినా గొడవ జరిగింది. కంపెనీ చేసిన పైరవీల గురించి పత్రికలు రాశాయి. కంపెనీ ఆ పైరవీలు మానుకుంటున్నట్టు ప్రకటించింది. కొద్ది నెలల్లోనే అక్కడి చట్టసభ ఆ ఉత్తర్వును రద్దుచేసింది. అక్కడ అభ్యంతరం చెప్పినవాళ్లలో పిల్లల పవిత్రత గురించి బెంగపడిన ఛాందసులూ ఉన్నారు, వాళ్ల వాదన నాకు నచ్చదు. నేను చూస్తున్నది వేరే సంగతి. అక్కడ తల్లిదండ్రుల 'వద్దు' చట్టసభ దాకా వెళ్లగలిగింది. ఇక్కడ తల్లిదండ్రులను అడగకుండానే వేల కాగితాలు పూర్తయ్యాయి.

సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కాబట్టి నా చూపు కాగితాల భాష మీదికి పోతుంది. ఈ కార్యక్రమానికి పెట్టిన పేరు 'డిమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు'. టీకాను ఎలా అందించాలో చూపే నమూనా అన్నమాట. ఇది క్లినికల్ ట్రయల్ కాదు, కొత్త మందు పరీక్ష కాదు, అనుమతి ఉన్న టీకాను ప్రజలకు చేర్చడం ఎలాగో పరిశీలించడమే అని సంస్థ వాదించింది. పేరు ఏది పెడితే ఏ నియమాలు వర్తిస్తాయన్నది మారిపోతుంది. ట్రయల్ అంటే నైతిక సంఘం, బీమా, దుష్ఫలితాల నమోదు, ప్రతి ఒక్కరి రాతపూర్వక సమ్మతి. ప్రభుత్వ టీకా కార్యక్రమం అంటే అవేవీ లేని చిరపరిచితమైన సూది. ఆడపిల్లల తల్లులకు ఇది కనిపించింది రెండో రూపంలో. వాళ్ల చేతికొచ్చిన సమ్మతి పత్రం మాత్రం మొదటి రూపానిది. పరిశోధనకు కావలసిన సమాచారమూ దొరికింది, ప్రభుత్వానికి మామూలుగా దొరికే విధేయతా దొరికింది. దేనికీ పూర్తిగా జవాబుదారీ కానక్కర్లేని చోటు అది.

ఆ పత్రాల లెక్క పార్లమెంటు స్థాయీసంఘం 2013 ఆగస్టులో సమర్పించిన 72వ నివేదికలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి. 2,763 మీద సంతకాలు హాస్టలు వార్డెన్లవి. అంటే పది పత్రాల్లో దాదాపు మూడింటి మీద సంతకం పెట్టినది ఆ పిల్ల తల్లీ కాదు, తండ్రీ కాదు. వార్డెన్లూ ప్రధానోపాధ్యాయులూ ఈ పని దొంగచాటుగా చేయలేదు. పిల్లల తరఫున వాళ్లు సంతకాలు పెట్టవచ్చని రాష్ట్ర ప్రభుత్వమే అనుమతిచ్చింది. దీన్ని ఎవరో చిన్న ఉద్యోగి అలసత్వంగా కొట్టిపారెయ్యలేం. ఆశ్రమ పాఠశాలలో ఉండే ఆదివాసీ పిల్లకు సంరక్షకురాలు ప్రభుత్వమే అన్న భావన ఆ అనుమతి వెనక ఉంది.

మన భాషలో ఆడపిల్ల ఒప్పుకోలు గురించి ఒక సామెతలాంటి మాట ఉంది. మౌనం అర్ధాంగీకారం. పెళ్లిచూపుల్లో తలదించుకున్న పిల్ల మౌనాన్ని పెద్దలు ఈ మాటతోనే అనువదిస్తారు. సగం అంగీకారం పిల్ల మౌనంలోంచి తీసుకుని, మిగతా సగం పెద్దలు కలుపుతారు. ఖమ్మంలో ఆ మిగతా సగాన్ని వార్డెను కలిపింది. స్త్రీవాదులుగా మనం ఇన్నేళ్లూ పడకగదిలో, పెళ్లిపీటల మీద, కోర్టు బోనులో ఈ మౌనం గురించే పోట్లాడాం. 'కాదు' అనగలిగే మనిషి అన్న 'అవును'కే విలువ ఉంటుందని చెప్పాం. ఆ సూత్రాన్ని ఆరోగ్యకేంద్రం గడప దగ్గర ఎందుకు వదిలెయ్యాలి? తల్లి కానిదెవరైనా సంతకం పెట్టిందా లేదా అన్నది చట్టం అడిగే ప్రశ్న. 'వద్దు' అని ఉంటే ఆ పిల్లకు ఏమయ్యేది అన్నది మనం అడగాల్సిన ప్రశ్న.

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం వైపు పోయే దారి పక్క ఊళ్లలో కోయ స్త్రీల మాటలూ పాటలూ వినడానికి నేను కొన్నాళ్లు తిరిగాను. ఒకామెను మాటల మధ్యలో, ఇప్పటిదాకా ఏయే కాగితాల మీద ముద్ర వేశావమ్మా అని అడిగాను. వేళ్లు మడుస్తూ చెప్పింది. రేషను, ఉపాధి పని, పోడు పట్టా కోసం దరఖాస్తు, బ్యాంకులో అప్పు, పిల్లను బడిలో చేర్పించినప్పుడు రెండు మూడు. వాటిల్లో ఏముందో ఎవరైనా చదివి చెప్పారా అంటే నవ్వింది. "కాగితంలో ఏముందని అడిగితే పని కాదు మేడమ్, ముద్రేస్తే అయిద్ది." ఈ మాటలో అజ్ఞానం లేదు. రాజ్యంతో ఆమెకున్న సంబంధాన్ని అంతకంటే క్లుప్తంగా నేను చెప్పలేను. ఆమెకు ముద్ర వెయ్యడం అభిప్రాయం చెప్పడం కాదు. బియ్యం, పని, చదువు అటువైపు ఉన్నాయి. మధ్యలో ఉన్న గడప ఆ ముద్ర.

బాధ్యతాయుతమైన పరిశోధకులు సమ్మతి పత్రాన్ని మాతృభాషలోకి అనువదించాలంటారు. కోయ తల్లికి తెలుగు పత్రం మాతృభాషలో ఉన్నట్టు కాదన్నది సరే. కోయలో చదివి వినిపించినా ముద్ర అర్థం మారనంతవరకు ఆ పత్రం అర్థం మారదు. బడి పెట్టినవాళ్లూ, అన్నం పెట్టేవాళ్లూ, సూది వేసేవాళ్లూ, సమ్మతి అడిగేవాళ్లూ ఒకే చేతివేళ్లయినప్పుడు ఆ చేతికి 'వద్దు' అని చెప్పడం ఎలా? ఖమ్మం జిల్లాను ఎంచుకోవడంలో ఏ ఉద్దేశాలున్నాయో కాగితాలు చెప్పేదానికి మించి నేను ఊహించను. కాని ఆశ్రమ పాఠశాలలున్న చోట పిల్లలు ఒకేచోట దొరుకుతారు, మూడు డోసులకూ దొరుకుతారు, ఎవరూ ఎదురు చెప్పరు. పరిశోధనకు ఏది సౌకర్యమో ఆ పిల్లల జీవితంలో అదే లోటు. చదువుకోసం తల్లిదండ్రులకు దూరంగా ఉండవలసి రావడమే ఆ లోటు.

ఇలాంటిది తెలుగునేల మీద జరగడం అదే మొదటిసారి కాదు. 1985లో హైదరాబాదు దగ్గర పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగం జరుగుతోందని తెలిసి స్త్రీశక్తి సంఘటన సభ్యులు అక్కడికి వెళ్లారు. తాము ఒక ప్రయోగంలో భాగమని అక్కడికి వచ్చిన స్త్రీలకు తెలియదు. పిల్లలు పుట్టకుండా ఉండే సూది అనుకున్నారంతే. విషయం తెలిశాక చాలామంది ఆ సూది వద్దని వెళ్లిపోయారు. మరుసటి ఏడు స్త్రీశక్తి సంఘటన, ఢిల్లీలోని సహేలీ, ఇంకా మరికొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. పటాన్‌చెరుకూ భద్రాచలానికీ మధ్య పాతికేళ్లు గడిచాయి. నెట్-ఎన్ పిల్లలు పుట్టకుండా చూసే మందు, గార్డసిల్ క్యాన్సర్ రాకుండా చూసే మందు. మొదటిదాని మీద మన అనుమానం మందు మీదా ఉంది, పద్ధతి మీదా ఉంది. రెండోదాని దగ్గర ఆ రెంటినీ విడదీసుకోవలసి వస్తుంది. మనకు కష్టమైన పని అదే.

కష్టం ఎక్కడుందో చెబుతాను. 2010 మార్చిలో మహిళల ఆరోగ్యం మీద పనిచేసే 'సమా' బృందం భద్రాచలం ప్రాంతానికి వెళ్లి పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడింది. మహిళా సంఘాలూ, ఆరోగ్య హక్కుల సంఘాలూ నిరసన తెలిపాయి. ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం కార్యక్రమాన్ని ఆపేసింది. అప్పటికే ఖమ్మంలో చాలామంది పిల్లలకు మూడు డోసులూ పడ్డాయి. దేశం దృష్టి అటు తిరిగింది ఏడుగురు పిల్లలు చనిపోయారన్న వార్తతో. అయిదుగురు మన రాష్ట్రంవాళ్లు, ఇద్దరు గుజరాత్‌వాళ్లు. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం 2011లో ఇచ్చిన నివేదికలో ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు కనిపించడం లేదని చెప్పింది. నీళ్లలో మునిగి ఒకరు, పాముకాటుతో ఒకరు, పురుగులమందు తాగి ఇద్దరు, మలేరియాతో ఒకరు. మిగతా ఇద్దరి మరణ కారణాలు అంత కచ్చితంగా తేలలేదు. అదే సంఘం సమ్మతి తీసుకున్న తీరులోనూ, దుష్ఫలితాలను కనిపెట్టే ఏర్పాట్లలోనూ లోపాలు ఎత్తిచూపింది. రెండేళ్ల తర్వాత వచ్చిన పార్లమెంటు సంఘం ఇంకా కఠినంగా మాట్లాడింది. టీకాను ప్రభుత్వ కార్యక్రమంలో చేర్పించి కంపెనీలకు లాభం చేకూర్చడమే అసలు లక్ష్యమని తేల్చింది. పాత్ ఆ ఆరోపణలను ఒప్పుకోలేదు.

ఆ మరణాలు టీకావల్ల కాదని తేలిన రోజున చాలామందికి ఈ కథ ముగిసిపోయింది. శాస్త్రం గెలిచింది, ఉద్యమకారులు భయపెట్టారు, అంతే. ఇంకోవైపు కొందరు మనవాళ్లు ఇప్పటికీ ఆ ఏడుగురి పేరు మీదే వాదిస్తారు. ఈ రెండు పక్షాలదీ ఒకటే పొరపాటని నా ఉద్దేశం. హాని జరిగితేనే తప్పు, హాని జరగకపోతే తప్పు లేదు అన్న లెక్కను ఇద్దరూ ఒప్పుకుంటున్నారు. ఒక మనిషి శరీరంలోకి ఆమెకు చెప్పకుండా ఏదైనా పంపిస్తే, అది అమృతమే అయినా, ఆమెకు అన్యాయం జరిగినట్టే. ఆ అన్యాయానికి సాక్ష్యంగా శవం అక్కర్లేదు. మనం శవాన్ని సాక్ష్యంగా తెచ్చినప్పుడు, శవం సాక్ష్యం కొట్టుబడిపోతే అన్యాయమూ కొట్టుబడిపోతుంది. ఖమ్మంలో జరిగింది అదే. సజీవంగా ఉన్న 14 వేలమంది పిల్లల ప్రశ్న చనిపోయిన అయిదుగురి వెనక మరుగున పడింది.

ఇంత చెప్పాక, ఆ చనిపోయిన పిల్లల కారణాలను మరొకసారి చదవమంటాను. బావులూ క్వారీ గుంతలూ, పాములు, మలేరియా, చేతికందే పురుగులమందు, పద్నాలుగేళ్లకే చావాలనిపించే బతుకు. ఆ పిల్లలకు తక్షణం అవసరమైన నివారణ ఏదో ఆ జాబితాయే చెబుతోంది. వాటికి అప్పట్లో టీకా లేదు గనుక పోటీపడే కంపెనీలూ లేకపోయాయి.

అయితే ఇక్కడ ఆగిపోతే నేను సగం నిజమే చెప్పినట్టు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కంపెనీలు కల్పించిన భయం కాదు. మన దేశంలో ఏటా లక్షా ఇరవై వేలకు పైగా స్త్రీలకు వస్తోంది, 75 వేలకు పైగా చనిపోతున్నారు. వాళ్లలో ఎక్కువమంది పేదలు, ఆలస్యంగా ఆస్పత్రికి చేరినవాళ్లు. వాసన భరించలేక ఇంట్లోవాళ్లే పక్క వేరు చేస్తే, కొట్టంలో ఒంటరిగా పోయినవాళ్లూ ఉన్నారు. టీకా పనిచేస్తుందన్నదీ ఇప్పుడు రుజువైంది. ఇంగ్లండులో పన్నెండు పదమూడేళ్లకు టీకా వేయించుకున్న అమ్మాయిల్లో ఈ క్యాన్సర్ 87 శాతం తగ్గినట్టు 2021లో అధ్యయనం వెలువడింది. వాళ్లకు వేసింది సర్వారిక్సే, వడోదరలో వేసినదే. 2009లో ఈ రుజువు ఎవరి దగ్గరా లేదు. క్యాన్సర్ తగ్గుతుందా అన్నది తేలాలంటే పిల్లలు పెద్దవాళ్లు కావాలి. కాబట్టి తర్వాత తెలిసిన మంచిని వెనక్కి తీసుకెళ్లి అప్పటి పద్ధతిని కడగలేం. కాని ఆ పద్ధతి మీద మనకున్న కోపంతో ఇప్పుడు తెలిసిన మంచిని తోసెయ్యనూ లేం.

టీకాలేనప్పుడు ఆడవాళ్లకు ఉన్నదేమిటి? ఖరీదులేని పరీక్ష ఒకటి ఉంది. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లాన్ని గర్భాశయ ముఖద్వారానికి పూసి, తెల్లబడిన చోటును కంటితో చూడటం. శిక్షణ పొందిన నర్సు చెయ్యగలదు. అయినా 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో జీవితంలో ఒక్కసారైనా ఈ క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. ఆ పరీక్షల విలువను తేల్చడానికి మన దేశంలోనే ముంబయి, ఉస్మానాబాద్, దిండిగల్‌లలో పెద్ద అధ్యయనాలు జరిగాయి. పోలిక కోసం వేలమంది స్త్రీలను పరీక్ష చెయ్యకుండా వదిలేశారు. అలా వదిలేసిన బృందాల్లో 254 మంది ఈ క్యాన్సర్‌తోనే చనిపోయారని తర్వాత విమర్శలు వచ్చాయి. ఇక్కడ ఇచ్చిన మందు వల్ల కాక, ఇవ్వని పరీక్ష వల్ల జరిగిన నష్టం ఉంది. ఆ 254 మంది పేరు మీద మనం ఖమ్మం మీద జరిపినంత పోరాటం జరపలేదు. ఎందుకంటే సూది కనిపిస్తుంది, సూది లేకపోవడం కనిపించదు.

పరీక్ష లేనిచోట ఇంకోటి పెరిగింది. తెల్లబట్ట అవుతోందని వచ్చిన ముప్ఫై ఏళ్ల ఆడమనిషికి, క్యాన్సర్ రావచ్చు, సంచి తీయించేసుకో అని చెప్పే ప్రైవేటు ఆస్పత్రి. 2015-16 సర్వేలో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశంలో అందరికంటే ఎక్కువ ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లో, 8.9, తర్వాతిది తెలంగాణ, 7.7. క్యాన్సర్ అన్న మాట మన పల్లె స్త్రీకి పరీక్షగా చేరలేదు, టీకాగా చేరలేదు. భయంగా చేరింది, ఆపరేషన్‌గా చేరింది, అప్పుగా చేరింది. రాబోయే రోగాన్ని అమ్మే విద్య కొలెస్టరాల్ మాత్రతో ఆగలేదని ఇందుకే అన్నాను. అంకె చూపించి మాత్ర అమ్మడం ఒక పద్ధతి, భయం చూపించి అవయవం తీసెయ్యడం ఇంకో పద్ధతి.

2010 తర్వాత జరిగినది ఈ నైతిక ప్రశ్నను ఇంకా చిక్కుపరిచింది. ఖమ్మం ప్రాజెక్టుతో సంబంధం లేకుండా, 2009లోనే దేశంలో పలుచోట్ల వేరే పరిశోధన ఒకటి మొదలైంది. మూడు డోసులు కావాలా, రెండు చాలా అన్నది దాని ప్రశ్న. ఖమ్మం గొడవతో ప్రభుత్వం హెచ్‌పీవీ టీకా పరిశోధనలన్నీ ఆపేసేసరికి అదీ ఆగిపోయింది. వేలమంది పిల్లలు ఒక్క డోసు దగ్గరే మిగిలిపోయారు. పరిశోధకులు వాళ్లను పదేళ్లు గమనించారు. ఆ ఒక్క డోసూ దాదాపు మూడు డోసులంత రక్షణ ఇస్తోందని 2021లో తేలింది. ఒక్క డోసు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పడానికి ఆధారమైనవాటిలో ఇదొకటి. ఎవరూ తలపెట్టని ప్రయోగం ఇది. దీనివల్ల పేదదేశాలకు టీకా ఖర్చు బాగా తగ్గుతుంది. మన నిరసన వల్ల టీకా ఆలస్యమై ఎందరో ఆడపిల్లలు నష్టపోయారు అనేవాళ్లున్నారు. మన నిరసన వల్లే ఒక్క డోసు సంగతి బయటపడింది అని ఎవరైనా బదులు చెప్పవచ్చు. నేను రెండూ అనను. అనుకోకుండా వచ్చిన ఫలితంతో ఒక పనిని సమర్థించుకుంటే, ఖమ్మం పిల్లలకు ఎలాగూ క్యాన్సర్ రాదు కదా అనేవారికీ మనకూ తేడా ఉండదు.

ఆలస్యం గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. ప్రజల నమ్మకాన్ని పోగొట్టింది ప్రశ్న వేసినవాళ్లు కాదు. వార్డెను సంతకాన్ని తల్లి సంతకంగా లెక్కపెట్టినవాళ్లు. కల్పనా మెహతా తదితరులు 2012లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం టీకాను నిషేధించాలన్న మూఢత్వంతో వేసినది కాదు. ఎవరు ఎవరికి జవాబుదారీ అన్నది ఆ వ్యాజ్యం సారాంశం. పార్లమెంటు సంఘం నివేదికను కోర్టు చూడవచ్చునా అన్న ప్రశ్న మీదే 2018 మే దాకా పట్టింది. చూడవచ్చునని రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. తొమ్మిదేళ్లలో ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యారు. కొందరికి పెళ్లిళ్లయి పిల్లలు పుట్టి ఉంటారు. వాళ్ల జిల్లా పేరు కూడా మారింది. 2016లో భద్రాచలం, కొత్తగూడెం భద్రాద్రి జిల్లాలోకి వెళ్లాయి.

మార్కెట్ సంగతి కూడా మారింది. సర్వారిక్స్ 2016లో అమెరికా బజారు నుంచి తప్పుకుంది. గార్డసిల్ అమ్మకాలు 2023లో సుమారు 890 కోట్ల డాలర్లు. 2022లో పుణేలోని సీరం సంస్థ తయారుచేసిన సర్వావాక్‌కు మన దేశంలో అనుమతి వచ్చింది. ధర 200 నుంచి 400 రూపాయలలో ఉంటుందని ఆ సంస్థ అప్పట్లో ప్రకటించింది. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని 2024 ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో కేంద్రం చెప్పింది. టీకా స్వదేశీ అయితే, చవకైతే, ప్రభుత్వానిదైతే సమ్మతి ప్రశ్న తీరిపోతుందని అనుకోవడానికి నేను సిద్ధంగా లేను. పటాన్‌చెరులో ప్రయోగం నడిపింది విదేశీ కంపెనీ కాదు, మన వైద్య పరిశోధన మండలే. ఖమ్మంలో వార్డెన్లకు అధికారమిచ్చింది మన రాష్ట్ర ప్రభుత్వమే.

మరి ఏం కావాలి? ఆడపిల్లకు టీకా కావాలి. ఆమె తల్లికి పరీక్ష కావాలి. రెండూ ఒకే గడపలో, ఒకే రోజున, ఒకే నర్సు చేతిమీదుగా దొరకాలి. కూతురి భవిష్యత్తు గురించి శ్రద్ధ ఉన్న రాజ్యం ఆ కూతురిని కన్న ఒంటి గురించి కూడా శ్రద్ధ చూపితేనే ఆ శ్రద్ధను నమ్మగలం. ఆశ్రమ పాఠశాల పిల్లలకు సూది వేసే ముందు తల్లిదండ్రులను బడికి పిలిచి, దారి ఖర్చూ ఆనాటి కూలీ ఇచ్చి, వాళ్ల భాషలో చెప్పి, రెండు వారాలు ఆలోచించుకోమనాలి. పన్నెండేళ్ల పిల్లను కూడా అడగాలి. చట్టం ఆమె మాటకు విలువ ఇవ్వకపోవచ్చు, చెయ్యి మాత్రం ఆమెదే. ఇదంతా ఖర్చు, ఆలస్యం, పెద్ద సంఖ్యలో జరిగే పని కాదు అంటారు. నగరంలోని ప్రైవేటు బడిలో ఇదే టీకా వెయ్యాలంటే తల్లిదండ్రులను ఇలాగే అడుగుతారు, అక్కడ ఎవరికీ ఇది ఆలస్యంగా తోచదు.

ఇవన్నీ చేసినా సమ్మతి నిజమైనదో కాదో తేల్చే గుర్తు నాకు ఒకటే కనిపిస్తోంది. నమోదు పుస్తకంలో ఎంతమందికి టీకా వేశారన్న అంకె పక్కన, ఎంతమంది వద్దన్నారన్న అంకె కూడా ఉండాలి. వద్దన్న పిల్ల మర్నాడు కూడా అదే బడిలో, అదే బల్ల మీద, అదే అన్నం తింటూ కనిపించాలి. వద్దన్నవాళ్లు ఒక్కరూ లేని పుస్తకం ఎక్కడైనా కనిపిస్తే, అక్కడ అడగడం జరగలేదని అనుమానించడం మన బాధ్యత.